నన్ను తిడుతూ ఒక మెయిలు

నా దగ్గర న్యాయశాస్త్రంలో మాస్టర్స్ పట్టా ఉంది. ఎవరికైనా ఈ మాట చెప్పినప్పుడు ఒక్క క్షణం ఆగుతాను. ఎదుటి మనిషి కళ్ళకి నేను నల్లకోటులో కనిపించేదాకా ఆగి, ఆ గౌరవం కాస్త అనుభవించి, అప్పుడు మిగతా సగం చెబుతాను. ఆ పట్టా లాయర్లు కానివాళ్ళ కోసం పెట్టింది. పగలు ఉద్యోగాలు చేసుకునే ఇంజనీర్లు, బ్యాంకువాళ్ళు, ఆస్పత్రివాళ్ళు సాయంత్రం పూట చదువుకునే చదువు. దాంతో వాదించడానికి వీల్లేదు. నేను కోర్టు గడప తొక్కాలంటే సాక్షిగానో ముద్దాయిగానో తొక్కాలి.

మరి ఎందుకు చదివినట్టు అని అడిగినవాళ్ళు చాలామంది. పెళ్ళిళ్ళలో అడిగారు, గుడి దగ్గర ప్రసాదం వరసలో అడిగారు, ఒకాయనైతే పళ్ళ డాక్టరు కుర్చీలో నేను నోరు తెరుచుకుని పడుకున్నప్పుడు అడిగాడు. అందరికీ ఒకటే జవాబు: నా ఇష్టం. ఇంకా వివరంగా చెప్పమంటే చెబుతాను గానీ, సంజాయిషీ మాత్రం ఇచ్చుకోను.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ కుప్పకూలుతాయని లోకమంతా బెంబేలెత్తి, అవి కూలకపోయేసరికి ఊపిరి పీల్చుకున్న రోజులవి. సింగపూర్‌లో సాఫ్ట్‌వేర్ పని పొంగి పొర్లుతోంది. హైదరాబాద్ విమానం దిగినప్పుడల్లా ఓ ప్రోగ్రామర్ల గుంపు దిగేది. ఆదివారం సాయంత్రం లిటిల్ ఇండియాలో నిలబడితే ఏ జిల్లావాడు కావాలంటే ఆ జిల్లావాడు దొరికేవాడు. నేను అప్పటికే పాతకాపుని. వయసు యాభైకి దగ్గర పడింది. గోదాములకి సరుకు రాకపోకలు చూసుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీలో ప్రాజెక్ట్ మేనేజర్ని. నా కింద వందమంది పనిచేసేవాళ్ళు. సరే, పదిమంది. అందులో ఇద్దరు ఎప్పుడూ సెలవులో ఉండేవాళ్ళు.

కొత్త కస్టమర్ వచ్చినప్పుడల్లా మీటింగులో ఒక ఘట్టం ఉండేది. సిస్టమ్ ఏం చేస్తుందో, ఎలా చేస్తుందో గంటసేపు నేను చెప్పేవాణ్ణి. ఆ తర్వాత కాంట్రాక్టు మాటలు మొదలవుతాయనగా మా బాసు తలుపు వైపు చెయ్యి చూపించి, టెక్నికల్ వాళ్ళు ఇక వెళ్ళొచ్చు అనేవాడు. నేను చేయాల్సిన పని గురించి, నా వెనక, తలుపు మూసుకుని నలుగురు మాట ఇచ్చి పుచ్చుకునేవాళ్ళు. ఆ మాట నిలబెట్టడానికి మాత్రం మళ్ళీ నేనే కావాలి. ఒక రోజు ఇక ఊరుకోలేకపోయాను. లేచి నిలబడి, ఈ గదిలోకి మళ్ళీ వస్తాను, అప్పుడు నన్ను బయటికి పంపడానికి మీకు నోరు రాదు అని అందరి మొహం మీదే అనేశాను.

అనలేదు. లేచి, ఎవరికి టీలో పంచదార వద్దో కనుక్కుని బయటికి వచ్చాను. అయితే లిఫ్టులో ఆ మాట అనుకున్న మాట నిజం. అనుకుంటూ అద్దంలో నా మొహం చూసుకున్నాను. బాగానే ఉంది, ఇంకో పట్టా మోయగలదు అనిపించింది. ఒక విదేశీ విశ్వవిద్యాలయం సాయంత్రం తరగతులు నడుపుతోందని తెలిసి ఆ వారమే దరఖాస్తు పెట్టాను.

మా ఆవిడకి చెప్పకుండా చేశానని మా చుట్టాలు ఇప్పటికీ అంటారు. చెప్పాను. హౌగాంగ్‌లో మా ఫ్లాట్ వంటింటి గుమ్మంలో నిలబడి, ఆవిడ పోపు వేస్తుండగా, చట్టం చదువుకుందామనుకుంటున్నానని స్పష్టంగా చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. సరేనన్నట్టే లెక్కేసి ఫీజు కట్టేశాను. పొగ లాగే ఫ్యాను గోలలో ఆవిడకి ఒక్క ముక్క వినపడలేదని పుస్తకాలు ఇంటికొచ్చాక తెలిసింది. నల్ల అట్టల పుస్తకాలు భోజనాల బల్ల మీద పేర్చి ఉంటే వాటి చుట్టూ ఒకసారి తిరిగి, ఇంత చదివీ లాయర్ అవరా అని అడిగింది. అవనన్నాను. వంటంతా చేసి అన్నం తినను అన్నట్టుంది మీ వ్యవహారం అంది. అక్కడే పుట్టి పెరిగిన మా అమ్మాయి టీవీ మీంచి చూపు తిప్పకుండానే తీర్పు ఇచ్చేసింది: "నో యూజ్ లాహ్, డాడీ."

మాకు కాంట్రాక్టుల చట్టం చెప్పినావిడ చైనీస్ మనిషి, ఏళ్ళ తరబడి కోర్టుల్లో వాదించి రిటైరయినావిడ. బాగా పొట్టి. అయినా ఆవిడ ముందు ఆరడుగుల వాళ్ళు కూడా కుదించుకుని కూర్చునేవాళ్ళు. మొదటి తరగతుల్లోనే ఇంగ్లండ్‌లో ఎప్పుడో జరిగిన ఒక గుర్రం కేసు చెప్పింది. ఒక పెద్దాయన తన తోడబుట్టినవాడి కొడుకు దగ్గరున్న గుర్రాన్ని కొనాలనుకున్నాడు. ధర చెప్పి, నీ దగ్గర్నుంచి ఇంకేమీ కబురు రాకపోతే గుర్రం నాదే అనుకుంటాను అని ఉత్తరం రాశాడు. కబురు రాలేదు. గుర్రం తనదే అన్నాడు. కోర్టు కాదు పొమ్మంది. ఎదుటివాడు పలకనంత మాత్రాన ఒప్పుకున్నట్టని నువ్వొక్కడివే ఎలా తీర్మానిస్తావు అంది.

క్లాసంతా నవ్వింది, పెద్దాయన తెలివికి. నాకు మాత్రం చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఎందుకంటే నా వృత్తిలో నేను కొన్న గుర్రాలన్నీ అలా కొన్నవే. సాఫ్ట్‌వేర్ పెట్టి వచ్చాక కస్టమర్‌కి ఒక మెయిలు పంపేవాళ్ళం. పది రోజుల్లోగా మీ నుంచి అభ్యంతరం రాకపోతే సిస్టమ్‌ను మీరు స్వీకరించినట్టే భావిస్తాం, ఇట్లు. ఈ వాక్యం మా పనికి మంగళహారతి లాంటిది. అది పాడేస్తే పూజ అయిపోయినట్టే, టీమంతా లేచి ఇంకో గుడికి పోవచ్చు. దాన్ని నేను ఎవరి దగ్గర నేర్చుకున్నానో గుర్తులేదు గానీ, నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు.

చెయ్యెత్తాను. మా పరిశ్రమ మొత్తం తరఫున వాదించాను. నా వాదన ధాటికి ఆవిడ కుర్చీలో కూలబడింది. మోకాలి నొప్పి వల్ల ప్రతి క్లాసులోనూ ఆ వేళకి కూర్చునేదని తర్వాత తెలిసింది. కూర్చుని నిదానంగా చెప్పింది. పలకకపోతే ఒప్పుకున్నట్టేనని ముందే ఇద్దరూ కాంట్రాక్టులో రాసుకుంటే అది వేరే సంగతి, మీరొక్కరే మెయిలు చివర తగిలిస్తే కుదరదు అంది. ఆ తర్వాత, "అతను మాట్లాడలేదు. అంతవరకే మీకు తెలుసు. ఎందుకు మాట్లాడలేదో తెలుసా?" అని అడిగింది.

తెలియదన్నాను.

"అయితే వెళ్ళి అడగండి" అంది.

అడగలేదు. నల్ల పుస్తకం మూసి, మర్నాడు ఆఫీసుకి పోయి, యథాప్రకారం మెయిళ్ళు పంపాను. చదువు వేరు, పొట్టకూడు వేరు అనుకునే ఘట్టం ప్రతివాడికీ ఒకటుంటుంది.

ఆ ఏడాది గడిచేసరికి గాలి తిరిగింది. ఇంటర్నెట్ కంపెనీలు ఒక్కొక్కటే బోర్డులు తిప్పేశాయి. మా బిల్డింగులోనే పై అంతస్తుల్లో దీపాలు వెలగడం మానేశాయి. అప్పుడు మా చేతిలో ఉన్న పెద్ద ప్రాజెక్టు తువాస్‌లో ఓడల విడిభాగాల గోదాముది. సిస్టమ్ పెట్టాం, మంగళహారతి మెయిలు పంపాం, పది రోజులు దాటాయి, అట్నుంచి ఉలుకూ పలుకూ లేదు. మా బాసు నన్ను ప్యాంట్రీలో పట్టుకున్నాడు. నాకంటే చాలా చిన్నవాడు, చైనీస్ కుర్రాడు, చెడ్డవాడు కాదు. మామూలుగా పేరు పెట్టి పిలిచేవాడు, పని పడినప్పుడు మాత్రం అంకుల్ అనేవాడు.

"అంకుల్, కస్టమర్ యాక్సెప్టెడ్ అని హెడ్ ఆఫీసుకి ఒక్క లైన్ రాయండి, చాలు" అన్నాడు.

కాంట్రాక్టులో అలా లేదన్నాను. కస్టమర్ చూసి సంతకం పెడితేనే స్వీకరించినట్టని అందులో ఉంది, ఆ పది రోజుల ముక్క మనం తగిలించుకున్నది అన్నాను. ఎప్పుడూ అలాగే చేస్తున్నాంగా అన్నాడు. అదీ నిజమే. ఈ మూడు నెలల్లో ఈ ప్రాజెక్టు ముగిసినట్టు చూపించకపోతే మన ఆఫీసులో మనుషుల్ని తీసేసే జాబితా తయారవుతుంది, అందులో ఎక్కువ జీతం ఉన్న ముసలి పేరు ముందుంటుంది అని కూడా చెప్పాడు. బెదిరింపుగా చెప్పలేదు. వాన వస్తోంది, గొడుగు తీసుకెళ్ళండి అన్నట్టు చెప్పాడు. నేను ఇంకా నసుగుతుంటే విసుగొచ్చింది.

"మీరు లాయర్ కాదు" అన్నాడు.

"కాను. అందుకే ఆ మాట నేను రాయను. కావాలంటే లాయర్ చేత రాయించు."

ఈ మాట మాత్రం నిజంగానే అన్నాను. బల్ల గుద్దలేదు, గొంతు పెంచలేదు, నా చేతిలో సగం కొరికిన బిస్కెట్ ఉంది. అయినా అన్నాను. శుక్రవారం దాకా ఆలోచించుకోండి అని అతను తన కప్పు కడుక్కుని వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను, ఈసారి ఫ్యాను కట్టేసి. మా అమ్మాయి అప్పుడు పాలిటెక్నిక్‌లో ఉంది. యాభై ఏళ్ళవాణ్ణి ఆ రోజుల్లో తీసేస్తే మళ్ళీ పెట్టుకునేవాడు లేడు. ఆవిడకి ఇవన్నీ నాకంటే బాగా తెలుసు. అన్నీ విని ఒకటే అడిగింది.

"ఇంతకీ ఆయన రాయమన్నది అబద్ధమా?"

"అబద్ధమో కాదో నాకు తెలీదు. తెలీకుండానే నిజమని రాయమంటున్నాడు."

"అయితే తెలుసుకుని రండి. ఇక్కడ కూర్చుని సోఫా అరగదీస్తే తెలుస్తుందా?"

మా హౌగాంగ్‌కి అప్పటికింకా రైలు రాలేదు. బస్సు, రైలు, ఆ కొసన మళ్ళీ బస్సు. పక్కనే లారీల్లో మనవాళ్ళు పసుపుపచ్చ హెల్మెట్లు ఒళ్ళో పెట్టుకుని షిప్‌యార్డులకి పోతుండేవాళ్ళు. దీవికి ఆ కొస నుంచి ఈ కొసకి, ఒక మనిషిని ఎందుకు మాట్లాడలేదని అడగడానికి బయల్దేరాను.

ఆ గోదాము మేనేజరు మన తెలుగాయనే, కానీ మనలాంటి తెలుగాయన కాదు. ఆయన తాత శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటలకి కూలికి వచ్చాడు. ఇంట్లో ఆ తెలుగే నిలిచిపోయి, దానికి తమిళం, మలయ్ అంటుకున్నాయి. నన్ను తంబీ అనేవాడు. నేను అన్నా అనేవాణ్ణి. ఎప్పుడు వెళ్ళినా ముందు కడుపు సంగతే అడిగేవాడు.

"ఏటి తంబీ, సెప్పాపెట్టకుండా వచ్చినావు? మాకన్ అయ్యిందా?"

తిన్నానన్నాను. సిస్టమ్ ఎలా ఉందన్నాను. బాగానే ఉందన్నాడు, గోడ మీద క్యాలెండర్ వైపు చూస్తూ. మరి నా మెయిలుకి జవాబు ఎందుకివ్వలేదు అన్నా అని అడిగాను. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడిచాడు. ఆ తర్వాత లేచి, రా అని సరుకు దిగే చోటికి తీసుకెళ్ళాడు. మధ్యాహ్నం లారీలన్నీ ఒకేసారి వచ్చి వరస కట్టాయి. రెండో లారీకే మా సిస్టమ్ బిగుసుకుపోయింది. తెర మీద నేను ఎంతో ముచ్చటపడి పెట్టించిన ఇసుక గడియారం బొమ్మ తిరుగుతూనే ఉంది. అక్కడివాళ్ళు దానివంక చూడను కూడా చూడలేదు. అట్టపెట్టె చింపి, ఆ ముక్కల మీద సరుకు రాసుకుని, లారీలు పోయాక తీరిగ్గా కంప్యూటర్లో ఎక్కించుకుంటున్నారు. ఎప్పటినుంచి ఇలా అని అడిగితే, పెట్టిన కాడినుంచీ అన్నాడు.

"మరి చెప్పరేం అన్నా?"

"ఎలాగ సెప్తాను తంబీ? మనోడివి. దీపావళికి మురుకులు అట్టుకొచ్చి ఇచ్చినావు. బాగోలేదని రాసీసినాననుకో, నీ ఉద్యోగం పోతాది. ఊరుకుంటే సరిపోతాది అనుకున్నాను."

మొహమాటం. అంతకంటే ఏమీ కాదు. నన్ను కాపాడదామని ఆయన నోరు మూసుకున్నాడు. ఆ మూసిన నోటినే సంతకంగా వాడుకోమని మా కంపెనీ అంటోంది. నేను శుక్రవారం ఆ ఒక్క లైను రాసి ఉంటే, రేపు గొడవైనప్పుడు ఇరుక్కునేది మొహమాటపడిన ఆ మనిషే. నువ్వు పది రోజుల్లో ఎందుకు చెప్పలేదని ఆయన్నే ఆయన పైవాళ్ళు నిలదీసేవాళ్ళు. అవి నా మురుకులు కూడా కావు, లిటిల్ ఇండియాలో ఒక కొట్లో కొన్నవి. ఇంట్లో చేశామని చెప్పి ఇచ్చాను.

అక్కడే ఆయన కుర్చీ పక్కన నిలబడి, అన్నా, నాకో మెయిలు రాయండి, నన్ను తిడుతూ రాయండి అన్నాను. ఎండదెబ్బ తగిలిందనుకుని మంచినీళ్ళు తెప్పించాడు. నీళ్ళు తాగి మళ్ళీ అదే అడిగాను. ఇలా రాయకపోతే ఏమవుతుందో, ఆయనకేమవుతుందో విడమరిచి చెప్పాను. నా ఉద్యోగం సంగతి నన్ను చూసుకోనివ్వండి అన్నాను. చివరికి ఒక వేలితో కొట్టడం మొదలెట్టాడు. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను, అందులో ఒక్క అక్షరం కూడా నేను కొట్టానని ఎవరూ అనకూడదని. మొదటిసారి రాసిందాంట్లో నా సేవలకి ధన్యవాదాలున్నాయి, మా కుటుంబానికి ఆయురారోగ్యాలున్నాయి, చివర్లో మధ్యాహ్నం పూట స్వల్ప ఆలస్యం ఉంది.

"ఇది ఆశీర్వచనం అన్నా. నాకు అభ్యంతరం కావాలి."

చెరిపి మళ్ళీ రాశాడు. మధ్యాహ్నం లారీలు వచ్చే వేళ సిస్టమ్ ఆగిపోతోందని, అది బాగుపడేదాకా స్వీకరించమని, సంతకం పెట్టమని. మూడే వాక్యాలు. మూడూ మొహాన కొట్టినట్టున్నాయి. నా సర్వీసులో అంత చక్కటి మెయిలు నాకు రాలేదు.

"నిజంగా అంపీమంటావా తంబీ?"

"పంపండి."

పంపాడు. పంపి కన్నీళ్ళు తుడుచుకున్నాడని చాలాచోట్ల చెప్పాను. తుడుచుకోలేదు. ఇప్పుడైనా నిజం సెప్పు, తిన్నావా అని అడిగాడు. తినలేదని ఒప్పుకున్నాను. ఇద్దరం కింద స్టాల్లో నాసి గోరెంగ్ తిన్నాం.

శుక్రవారం ఆ మెయిలుని అలాగే బాసుకీ హెడ్ ఆఫీసుకీ పంపించి, కస్టమర్ స్వీకరించలేదు అని పైన ఒక లైను రాశాను. అడిగింది ఒక లైనే కదా. బాసు ఒక వారం నాతో మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడటం లేదో వెళ్ళి అడిగాను, ఇప్పుడు ఆ విద్య వచ్చేసింది కదా. నా పీకల మీదికి తెచ్చారు అన్నాడు. నిజమే, తెచ్చాను. నన్ను ప్రాజెక్ట్ మేనేజర్ కుర్చీలోంచి లేపి, ఇద్దరు ప్రోగ్రామర్లని ఇచ్చి, బాగయ్యేదాకా తువాస్‌లోనే ఉండమన్నారు.

క్లాసులో ఈ సంగతంతా చెప్పి, మొహమాటం అంటే ఏమిటో ఆ పొట్టి ప్రొఫెసర్‌కి చెప్పడానికి చాలా తంటాలు పడ్డాను. సిగ్గన్నాను, మర్యాదన్నాను, భయం కాదన్నాను, అబద్ధం అసలే కాదన్నాను. ఆవిడ అంతా విని, మా హొక్కియెన్ భాషలో దాన్ని పైసే అంటాం, మీరేం కొత్తది కనిపెట్టలేదు అంది. కోర్టుకొచ్చే గొడవల్లో చాలావరకు ఎవడో ఒకడు పైసే అనుకుని నోరు మెదపకపోవడం వల్ల వచ్చినవే అని కూడా అంది. చట్టం పుస్తకాల్లో ఆ మాట ఎక్కడా లేదు. ఉండాల్సిందని ఇప్పటికీ నా అభిప్రాయం.

తువాస్‌లో చాలాకాలం ఉన్నాం. లారీ వచ్చినప్పుడల్లా మా సిస్టమ్ గోదాములో ఉన్న సరుకంతా మొదట్నుంచీ చదువుకుంటోంది, అదీ జబ్బు. బాగుచేశాం. అప్పుడు కూడా ఆయన వెంటనే సంతకం పెట్టలేదు. లారీలు వచ్చే వేళదాకా నన్ను తన పక్కనే నిలబెట్టి, ఆఖరి లారీ వెళ్ళాక, ఇప్పుడు బాగుంది అని పెట్టాడు. మొహమాటం వదిలిన మనిషి అంత కఠినంగా ఉంటాడని నాకు తెలీదు.

రాకపోకల్లో చదివిన చదువుతో పరీక్షలు గట్టెక్కాను. యూనివర్సిటీ మొత్తానికి మొదటివాణ్ణి అని మా అల్లుడికి చెప్పాను. పాసయ్యాను. సాక్ష్యాల పేపరులో ఎవరో దయగల మనిషి దిద్దబట్టి పాసయ్యాను.

జాబితా మాత్రం తప్పలేదు. కొన్ని నెలలకి అదీ వచ్చింది, మా బాసు చెప్పినట్టే ముసలి పేరు ముందుంది. గదిలో అతనూ, హెచ్ఆర్ అమ్మాయీ ఉన్నారు. ఒక కాగితం నా ముందుకి జరిపారు. నా వ్యక్తిగత కారణాల వల్ల నా ఇష్టపూర్వకంగా ఉద్యోగం మానుకుంటున్నానని అందులో ఉంది. నెమ్మదిగా, ప్రతి లైను కింద వేలు పెట్టి చదివాను.

"నేను మానుకోవడం లేదమ్మా. మీరు తీసేస్తున్నారు. అలాగే రాయండి."

అందరూ ఇలాగే సంతకం పెట్టారు అంకుల్ అంది ఆ అమ్మాయి. వాళ్ళందరినీ ఇష్టమేనా అని అడిగావా అన్నాను. మా బాసు తల పట్టుకుని, జస్ట్ సైన్ లాహ్ అన్నాడు. తీసేయడం మీ హక్కు, దాని మీద నాకు పేచీ లేదు, నా ఇష్టం అని నా చేత రాయించడం మాత్రం మీ హక్కు కాదు అన్నాను. కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. లంచ్ టైము అయింది. వాళ్ళ లంచ్ టైము, నాకు తొందరేముంది. ఈసారి తలుపు తీసి ఎవరూ నన్ను బయటికి పొమ్మనలేదు. చివరికి మా బాసే ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, కంపెనీ తొలగిస్తున్నది అని మార్చాడు. చదివాను. పెట్టాను.

నేను బయటికొస్తుంటే ఆఫీసంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది అని రాయాలని ఉంది. ఎవరూ తల ఎత్తలేదు. ఒకడు మాత్రం నా కుర్చీ తను తీసుకోవచ్చా అని అడిగాడు. లిఫ్టు దాకా ఆ హెచ్ఆర్ అమ్మాయి వెనకే వచ్చింది. మలేషియా నుంచి వచ్చి అద్దెకుంటున్న పిల్ల.

"అంకుల్, మా ఓనర్ కొత్త అగ్రిమెంట్ మీద సంతకం పెట్టమని తొందరపెడుతున్నాడు. ఒకసారి చూస్తారా?"

"రేపు తీసుకురా" అన్నాను.

రేపు నాకు ఆఫీసు లేదన్న సంగతి ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఆ పిల్ల నాలిక కరుచుకుంది.

"కింద హాకర్ సెంటర్లో టీ కొట్టు దగ్గర కూర్చుంటాను. లంచ్‌కి దిగినప్పుడు పట్టుకురా" అన్నాను. "ఈలోపల వాడు ఎంత తొందరపెట్టినా పెట్టకు."